దరువుకి పట్టా ఎవరి పేర?

బంటుమిల్లి నుంచి బందరు మీదుగా కూచిపూడి పోవడానికి ఒక్క పూట చాలు. అటు చివర ప్రపంచమంతా పేరెరిగిన నాట్యక్షేత్రం. ఇటు చివర మా మాదిగపల్లె. రెండు చోట్లా బతుకుతున్న మాట ఒకటుంది. అది దరువు. కూచిపూడిలో సత్యభామ తెర వెనక నుంచి రంగం మీదికొచ్చేటప్పుడు పాడేది ప్రవేశ దరువు. గాయకుడు పాడిన వరసని ఫిడేలు అందుకుంటుంది, మృదంగం నడిపిస్తుంది, పాత్ర అడుగేస్తుంది. మా పల్లెలో పీనుగ లేచేటప్పుడు డప్పు మీద కొట్టేది చావు దరువు. మొదటిదానికి శాస్త్రముంది, పరిశోధన గ్రంథాలున్నాయి, పాఠ్యప్రణాళిక ఉంది. రెండోదానికి ఏమున్నాయి?

కొన్నేళ్ల కిందట ఒక విశ్వవిద్యాలయంలో జరిగిన సెమినార్లో లేచి ఈ రెండు దరువులకీ సంబంధం ఏమిటని అడిగాను. వేదిక మీదున్న పెద్దాయన నవ్వి, "దరువు అనేది ధ్రువా శబ్దభవం బాబూ, మీరంటున్నది ఉత్త వాయింపు" అన్నారు. హాల్లో కొందరు నవ్వారు. నేను కూర్చున్నాను. కూర్చున్నాక తట్టిన సమాధానమే ఈ వ్యాసం.

ముందే ఒక మాట చెప్పాలి. కూచిపూడి దరువు మా డప్పులోంచే పుట్టిందని రుజువు చేయడానికి నేనిది రాయడం లేదు. అలా రాస్తే చప్పట్లు పడతాయని తెలుసు. కానీ మూలం ఎవరిదో తేల్చి పట్టా రాయించుకునే పద్ధతి మనది కాదు, వాళ్లది. ఆ పద్ధతినే ఇక్కడ విమర్శకి పెడుతున్నాను.

1. కాగితం ఉన్నవాడి చరిత్ర

మా డెల్టాలో భూమి తగాదా వస్తే మొట్టమొదట అడిగేది "కాగితం ఏదీ?" అని. తరాల తరబడి ఆ చెక్కని ఎవరు దున్నారు, ఎవరు ఊడ్చారు అన్నది తర్వాతి ప్రశ్న. చాలాసార్లు ఆ ప్రశ్న రానే రాదు. మన నాట్య సంగీత చరిత్ర కూడా అచ్చం ఇలాగే నడిచింది.

కూచిపూడి గురించి ఏ పుస్తకం తీసినా వరస ఒకటే. సిద్ధేంద్ర యోగి భామాకలాపం రాసి ఆ ఊరి బ్రాహ్మణ కుటుంబాల మగపిల్లలకి నేర్పాడు. 1675 ప్రాంతంలో గోల్కొండ నవాబు తానీషా అటుగా వచ్చి, భాగవతుల ఆట చూసి మెచ్చి, ఊరిని అగ్రహారంగా ఇచ్చాడని చెబుతారు. 1763 నాటి ఆస్తి పంపకాల పత్రంలో పదిహేను భాగవతుల ఇంటిపేర్లు కనిపిస్తాయి. ఆస్తి పంచుకున్న కాగితమే కాలక్రమంలో కళ పంచుకున్న కాగితంగా మారింది. ఆ ఇంటిపేర్లున్నవాళ్లు వారసులు, మిగతావాళ్లు ప్రేక్షకులు.

ఆ తర్వాతి ఘట్టం మనకి దగ్గరి కాలంలోది. 1958లో ఢిల్లీలో కేంద్ర సంగీత నాటక అకాడమీ నాట్య గోష్ఠి జరిపింది. కూచిపూడి శాస్త్రీయమా కాదా అన్న ప్రశ్న లేచింది. మరుసటేడు, 1959లో, ఆంధ్రప్రదేశ్ సంగీత నాటక అకాడమీ హైదరాబాదులో ప్రత్యేకంగా గోష్ఠి పెట్టి కూచిపూడి శాస్త్రీయతని నిలబెట్టే పని చేసింది. భాషా ప్రాతిపదికన రాష్ట్రం ఏర్పడి అప్పటికి మూడేళ్లు. తమిళులకి భరతనాట్యం ఉంటే మనకేదీ అన్న ఆరాటం అందరికీ ఉండే ఉంటుంది. తప్పులేదు. కానీ శాస్త్రీయం అనిపించుకోవాలంటే రెండు పనులు చెయ్యాలి. ఒకటి, నాట్యశాస్త్రంతో చుట్టరికం కలపాలి. రెండు, ఊళ్లోని చుట్టరికాలు తెంపుకోవాలి. మొదటి పని గురించి బోలెడు వ్యాసాలొచ్చాయి. రెండో పని మాత్రం చడీచప్పుడూ లేకుండా జరిగిపోయింది.

ఈ సంగతి ఇప్పుడు నేనొక్కణ్ణే అంటున్నది కాదు. కూచిపూడి బ్రాహ్మణ మగవాళ్ల స్త్రీవేషం గురించి హర్షిత మృతింటి కామత్ 2019లో ఇంగ్లీషులో ఒక పుస్తకం వెలువరించారు. ఆ ఊళ్లో కళాధికారం కులంతోటీ మగతనంతోటీ ఎలా పెనవేసుకుపోయిందో అందులో చూడొచ్చు. అయితే అలాంటి పరిశోధనల్లో కూడా మాదిగపల్లె డప్పు వినబడటం అరుదు. ఆ పని మనం చెయ్యాల్సిందే.

2. ఫిడేలు ఎప్పుడు సంప్రదాయమైంది?

ఇప్పుడు ఫిడేలు సంగతి చూద్దాం. సంప్రదాయం అనే మాట ఎలా పనిచేస్తుందో తెలుసుకోవడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు.

కర్ణాటక సంగీతంలోకి ఫిడేలు వచ్చి రెండొందల ఏళ్లు దాటింది, అంతే. ముత్తుస్వామి దీక్షితుల తమ్ముడు బాలుస్వామి దీక్షితులు 1786లో పుట్టాడు. ఆయన మద్రాసులో యూరోపియన్ బ్యాండు వాయించే ఫిడేలు విద్వాంసుడి దగ్గర ఈ వాద్యం నేర్చుకున్నాడు. ఆ బ్యాండు బాణీలు విన్న ముత్తుస్వామి దీక్షితులు వాటిలో కొన్నిటికి సంస్కృత సాహిత్యం కట్టాడు. నొట్టుస్వరాలంటే అవే. ఇంగ్లండు రాజగీతం వరస కూడా వాటిలో ఉంది. ఐర్లండు, స్కాట్లండు పల్లెల్లో జనం గంతులేసే ఫిడేలు బాణీలు అలా దేవతాస్తోత్రాలయ్యాయి. తంజావూరు నలుగురు అన్నదమ్ముల్లో ఒకడైన వడివేలు నట్టువాంగం చేసే కులంలో పుట్టినవాడు. ఆయన కూడా ఫిడేలుని పట్టుకున్నాడు. తిరువాంకూరు రాజు స్వాతి తిరునాళ్ 1834లో ఆయనకి దంతపు ఫిడేలు బహూకరించాడు. అంటే నాట్యం చేయించే కులం చేతుల మీదుగా కూడా ఈ వాద్యం మన సంగీతంలోకి నడిచొచ్చిందన్నమాట. తెలుగుదేశంలో ద్వారం వెంకటస్వామి నాయుడు గారి చేతిలో అది ఎంత సొంతమైపోయిందంటే, జనం ఆయన్ని ఫిడేలు నాయుడు గారనే పిలుచుకున్నారు.

బందరులో ఇంగ్లీషువాళ్ల కోఠీ 1611లోనే వెలిసింది. సీమ ఓడలు వచ్చి ఆగిన రేవు మనది. పరాయి వస్తువుని సొంతం చేసుకోవడం ఈ తీరానికి కొత్తేమీ కాదు. ఫిడేలుని కింద కూర్చుని ఒళ్లోకి వంచి పట్టుకున్నారు, తీగల శ్రుతి మార్చుకున్నారు, గమకం పలికించారు. గొప్ప పనే. ఎవరూ కాదనరు.

అయితే నా ప్రశ్న వేరు. తెల్లవాడి బ్యాండులోంచి, సైనికుల కవాతు పక్క నుంచి వచ్చిన వాద్యం రెండు మూడు తరాల్లో సంప్రదాయ వాద్యమైపోయింది. కూచిపూడి మేళంలో దర్జాగా కూర్చుంది. దాని పుట్టుకని ఎవరూ అడ్డంగా పెట్టలేదు. అదే డెల్టాలో, అదే ఊళ్ల పొలిమేరల్లో అంతకు ముందు నుంచీ మోగుతున్న డప్పు మేళం దరిదాపులకి రాలేకపోయింది. ఏడు సముద్రాలు దాటొచ్చిన వాద్యం మేళంలోకి వచ్చింది గానీ, పల్లెకీ ఊరికీ మధ్యనున్న దొడ్డిదారి దాటి డప్పు రాలేకపోయింది. దీనికి కారణం శ్రుతిలో వెతుకుదామా, లయలో వెతుకుదామా, పాతకొత్తల్లో వెతుకుదామా? ఎక్కడ వెతికినా దొరకదు. కులంలో వెతికితేనే దొరుకుతుంది.

తోలు వల్ల మైల అంటారు కొందరు. మరి మృదంగం మూత దేనితో చేస్తారు? ఆవు, గేదె, మేక తోళ్లు వాడతారు. ఫిడేలు తీగలు మొదట్లో గొర్రె పేగులతో పేనినవే. మృదంగాలు చేసే దళిత క్రైస్తవ కుటుంబాల మీద గాయకుడు టి.ఎం. కృష్ణ 2020లో పుస్తకం రాస్తే, దాని ఆవిష్కరణకి ముందు ఒప్పుకున్న చెన్నైలోని కళాక్షేత్ర చివరికి తన ఆవరణ ఇవ్వనంది. తోలు ఒకటే, దాన్ని కోసి సాగదీసి బిగించే చేతులూ మనవే. తోలు మైల కాదు, అది ఏ చేతిలో ఉందన్న దాన్ని బట్టి మైల అంటుకుంటోంది.

3. మాట దారి వేరు, దెబ్బ దారి వేరు

ఇక పెద్దాయన చెప్పిన వ్యుత్పత్తికి వద్దాం. నాట్యశాస్త్రం 32వ అధ్యాయంలో ధ్రువాగానం గురించి ఉంది. ధ్రువలు ఐదు రకాలు: ప్రావేశికి, ఆక్షేపికి, ప్రాసాదికి, ఆంతర, నైష్క్రామికి. పాత్ర వచ్చేటప్పుడు ఒకటి, వెళ్లేటప్పుడు ఒకటి, భావం మారినప్పుడు ఒకటి, సర్దుబాటుకి ఒకటి. ఈ ధ్రువ నుంచే మన దరువు వచ్చిందని చాలామంది పండితులు రాశారు.

ఆ వ్యుత్పత్తి తప్పని నేననడం లేదు. మాట సంస్కృతం నుంచే వచ్చిందనుకుందాం. అయితే ఏమిటి? ఫిడేలు అన్న మాట ఇంగ్లీషు నుంచి వచ్చింది. దాని మీద వాయించే ముఖారి ఇంగ్లీషు రాగమవుతుందా? కాదు కదా. మాట వచ్చిన దారీ, ఆ మాటతో పిలిచే వస్తువు వచ్చిన దారీ ఒకటే కానక్కర్లేదని ఫిడేలే సాక్ష్యం చెబుతోంది. ఫిడేలు విషయంలో ఒప్పుకునే ఈ చిన్న న్యాయాన్ని దరువు విషయంలో ఎందుకు ఒప్పుకోరు? దరువు దగ్గరికొచ్చేసరికి మాట పుట్టుకే వస్తువు పుట్టుకైపోతుంది. ఇది భాషాశాస్త్రం కాదు, పట్టా రాయించుకోవడం.

పోనీ నాట్యశాస్త్రాన్నే ప్రమాణంగా తీసుకుని మా పల్లెకి రండి. దరువు చేసే పనేమిటో చూడండి. పెళ్లికొడుకు పందిట్లోకి వచ్చేటప్పుడు ఒక దరువు. జాతరలో అమ్మవారు ఒంటి మీదికి వచ్చేటప్పుడు ఒక దరువు. పూనకం దిగేటప్పుడు నడక మారుతుంది. మనిషి ఊరు విడిచి ఆఖరిసారి వెళ్లేటప్పుడు ఒక దరువు. ప్రవేశం, నిష్క్రమణ, మధ్యలో భావం మార్పు. శాస్త్రం ఐదు పేర్లు పెట్టిన పనుల్లో ముఖ్యమైనవన్నీ డప్పు చేస్తూనే ఉంది. తేడా ఎక్కడుందంటే, కూచిపూడి దరువు కథలోని పాత్రని రంగం మీదికి తెస్తుంది, డప్పు దరువు నిజం మనిషిని ఈ లోకంలోంచి సాగనంపుతుంది.

డప్పుకి శ్రుతి లేదంటారు. ఫిడేలుకి బిరడా తిప్పితే శ్రుతి కుదురుతుంది, డప్పుకి గడ్డిమంట కావాలి. వరిగడ్డి వేసి, మంట ఎగరకుండా సెగ మాత్రమే తగిలేలా తిప్పుతూ, మధ్యమధ్య వేలితో మీటి చూసుకుంటూ తోలుని బిగిస్తారు. సెగ తక్కువైతే పలకదు, ఎక్కువైతే పగిలిపోతుంది. నలుగురు కొట్టే చోట నాలుగు డప్పులూ ఒక్క గొంతుతో పలికేదాకా మంట చుట్టూ తిరుగుతారు. దీన్ని శ్రుతి చేయడమనక ఇంకేమనాలి? కుడిచేతిలో పొట్టిగా లావుగా ఉండే సిర్ర, ఎడమచేతిలో సన్నటి చిటికెన పుల్ల. సిర్ర పడితే లోతు, చిటికెన పుల్ల పడితే చురుకు. ఈ రెండిటి మధ్య ఖాళీలోనే దరువు నడక ఉంటుంది. ముందు నిలబడ్డ పెద్ద చిన్న సైగ చేస్తాడు, మొత్తం జట్టు ఒక్కసారిగా నడక మారుస్తుంది. దింపుడు కళ్లం దగ్గర శవాన్ని దించి, అయినవాళ్లు చెవిలో పేరుపెట్టి మూడుసార్లు పిలుస్తారే, అప్పుడు మా డప్పు ఆగిపోతుంది. ఆ నిశ్శబ్దం ఎంతసేపుండాలో మావాళ్లకి తెలుసు. ఏ పుస్తకంలోనూ చదువుకోలేదు.

ఇంకొక సంగతి మా మామ్మ చెప్పేది. భాగోతం ఆడేవాళ్లు ఊరికొస్తే ముందుగా ఊరంతా చాటింపు వేసేది మా తాత డప్పే. ఆటకి జనాన్ని పోగుచేసిన దెబ్బ మాది. ఆట మొదలయ్యాక మావాళ్ల చోటు వెనక గట్టు మీద. అంత దూరం నుంచి ముఖాలు సరిగ్గా ఆనేవి కావు గానీ తాళం మాత్రం ఆనేదంట. మా తాత గట్టు మీద నిలబడి తొడ మీద వేళ్లతో ఆ తాళం అందుకునేవాడంట. తాతకి భాగోతం నుంచి ఏమైనా అబ్బిందా? భాగవతులకి తాత దెబ్బ నుంచి ఏమైనా అబ్బిందా? రెండూ జరిగే ఉంటాయి. చెవులకి అంటరానితనం ఉండదు. బాణీలు పుట్టేది ఇలాంటి చోట్లే. కానీ తాత నేర్చుకున్నది అనుకరణ అవుతుంది, వాళ్లు నేర్చుకున్నది పరంపర అవుతుంది.

4. పేరు రాయని మూలాలు

ఇందులో మనం ఒక్కళ్లమే లేము. కూచిపూడి పక్కనున్న మొవ్వతో ముడిపెట్టి చెప్పే క్షేత్రయ్య పదాలు పదిహేడో శతాబ్దం నుంచి మనదాకా ఎవరి గొంతుల్లో బతికొచ్చాయి? దేవదాసీల, కలావంతుల గొంతుల్లో. భామాకలాపం వాళ్లూ ఆడారు. 1947లో మద్రాసు దేవదాసీ నిషేధ చట్టం వచ్చింది. దురాచారం పోవాల్సిందే. కానీ ఆ స్త్రీల విద్యకి దారి చూపించిందెవరు? వాళ్ల వరసలు మాత్రం గౌరవనీయుల వేదికల మీదికి చేరాయి, వాళ్లు చేరలేదు. దవేశ్ సోనేజీ 2012లో వెలువరించిన పుస్తకంలో కోస్తా కలావంతుల జ్ఞాపకాలు చదివితే ఈ దోపిడీ ఎంత మర్యాదగా జరిగిందో అర్థమవుతుంది.

తెలంగాణలో చిందు మాదిగలు భాగోతం ఆడతారు. అక్కడా దరువులున్నాయి, ప్రవేశాలున్నాయి, తాళముంది. కూచిపూడి మేళం స్త్రీలని దూరం పెట్టిన కాలంలోనే చిందు భాగోతంలో ఆడవాళ్లు వేషం కట్టారు. నిజామాబాదు జిల్లా చిందు ఎల్లమ్మ 2005లో చనిపోయేదాకా ఆ కళకి పెద్ద దిక్కు. యక్షగానం అన్న పేరునే జక్కుల కులంతో ముడిపెట్టి చూసిన పండితులున్నారు. క్రీడాభిరామంలో జక్కుల స్త్రీ పాడే ఘట్టం ఉంది. అంటే దరువులకి నిలయమైన యక్షగానం తలుపు తట్టినా లోపల కనిపించేది ఊరూరా తిరిగి పాడుకునే కులాలే.

తీగ వాద్యం కూడా మనకి పరాయిది కాదు. మాదిగలకి ఆశ్రితులైన డక్కలివాళ్ల కిన్నెర ఉంది. పదమూడో శతాబ్దంలో పాల్కురికి సోమనాథుడు బసవపురాణంలో కిన్నెర వాయించే భక్తుడి కథ చెప్పాడు. 2022లో కిన్నెర మొగులయ్యకి పద్మశ్రీ ఇచ్చారు. సంతోషమే. ఆయన చేతిలో కిన్నెర జానపద వాద్యం. పోయినోళ్ల పాట, దొంగల పాట, వీరుల పాట దాని మీద పలుకుతాయి. ఏడొందల ఏళ్ల కిందటి కావ్యంలో పేరున్న కిన్నెర జానపదమై, రెండొందల ఏళ్ల కిందట వచ్చిన ఫిడేలు శాస్త్రీయమైతే, ఈ రెండు మాటలకీ కాలంతో సంబంధం లేదని తేలిపోవడం లేదా?

మిక్కిలినేని రాధాకృష్ణమూర్తి గారి 'తెలుగువారి జానపద కళారూపాలు' 1992లో వచ్చింది. అంత శ్రమపడి సేకరించినవాళ్లు తక్కువ. మనమంతా ఆ పుస్తకానికి రుణపడి ఉన్నాం. అయినా జానపదం అనే అరలో పెట్టడంతోటే ఒక నష్టం జరుగుతుంది. శాస్త్రీయ కళకి మనుషుల పేర్లుంటాయి. గురువు పేరు, శిష్యుడి పేరు, పుట్టిన ఏడు, పోయిన ఏడు. జానపదానికి పేర్లుండవు, "మాదిగలు డప్పు వాయిస్తారు" అన్న ఒక్క వాక్యం ఉంటుంది. ఒక కులం మొత్తం ఒక్క క్రియాపదంలో ముగిసిపోతుంది.

5. మనవైపు లెక్క

ఇంతవరకు రాసి ఆపేస్తే అది సగం నిజమే అవుతుంది. మనల్ని మనం కూడా అడగాలి.

డప్పుని ఇవాళ మన ఆత్మగౌరవ చిహ్నం అంటున్నాం. ప్రకాశం జిల్లా ఈదుమూడిలో 1994 జూలైలో పుట్టిన ఉద్యమం దండోరా అన్న పేరే పెట్టుకుంది. దానికి ముందే జననాట్యమండలి, గద్దర్ డప్పుని సభల మీదికి తెచ్చారు. కానీ పల్లెలో డప్పు చిహ్నం కాదు, వెట్టి. పిలిచినప్పుడు పోవాలి, ఎండలో కొట్టాలి, ఇచ్చింది పుచ్చుకోవాలి. దండోరా పుట్టిన రోజుల్లోనే మా పల్లె కుర్రాళ్లు ఊళ్లో చావుకి డప్పు కొట్టమని తిరగబడ్డారు. అప్పటికి నేను పసివాణ్ణి. మా నాయన డప్పు తీసి అటక మీద పెట్టాడు. మళ్లీ దించలేదు. కూలికెళ్లి నన్ను చదివించాడు. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాణ్ణి నేను.

పరిశోధనలో చేరాక సెల్‌ఫోన్లో రికార్డు చేసుకుంటానని, ఒక్కసారి చావు దరువు కొట్టి చూపించమని మా నాయన్ని అడిగాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "దీన్ని వదిలించుకోడానికి నిన్ను చదివించాను. నువ్వు చదివి మళ్లీ దీని దగ్గరికే వచ్చావంట్రా?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. డప్పు మీద రాసి నేను ఫెలోషిప్పు తీసుకుంటున్నాను. డప్పు కొట్టి మా నాయన తీసుకున్నది శేరు గింజలు, ఒక సారా సీసా. దరువుకి విలువ తెచ్చిపెట్టాలనుకునే మనం మొదట ఈ లెక్క చూసుకోవాలి. కొట్టను అనే హక్కు లేనిచోట కళ అన్న మాటకి అర్థం లేదు. కొట్టనన్న మా నాయనా, దండోరాలో కొట్టిన కుర్రాడూ ఇద్దరూ ఒకే పోరాటంలో ఉన్నారు. ఈ రెంటినీ కలిపి చూడలేకపోతే మన విమర్శ కూడా పండితుల విమర్శలాగే గట్టు దిగకుండా మాట్లాడుతుంది.

రెండోది చర్చి సంగతి. 1841లో ఫాక్స్, నోబుల్ అనే ఇద్దరు మిషనరీలు బందరు చేరారు. తర్వాతి దశాబ్దాల్లో కృష్ణా జిల్లా మాలపల్లెలకి, మాదిగపల్లెలకి బడి వచ్చింది, అక్షరం వచ్చింది. నేనీ వ్యాసం రాయగలగడానికి అదొక కారణం. కానీ మా పల్లె చర్చిలో నా చిన్నప్పుడు హార్మోనియం ఉండేది, డోలక్ ఉండేది, పండగకి ఒకాయన ఫిడేలు కూడా తెచ్చేవాడు. డప్పు మాత్రం గుమ్మం బయటే. అది దయ్యాల కొలుపుదన్నారు. మన కీర్తనల పుస్తకంలో కర్ణాటక రాగాల పేర్లు, తాళాల పేర్లు అచ్చువేసి ఉంటాయి. మన తాతల దరువుల పేర్లు లేవు. ఊరి గుడి గెంటేసిన డప్పుని మన గుడి కూడా లోపలికి పిలవలేదని ఒప్పుకోవాలి.

మూడోది ఆడవాళ్ల సంగతి. కూచిపూడి మేళం స్త్రీని రంగం మీదికి రానివ్వలేదని విమర్శిస్తాం. మా పల్లెలో డప్పు ముట్టుకున్న ఆడమనిషిని నేను చూడలేదు. తోలు శుభ్రం చేసేటప్పుడు, గడ్డి తెచ్చి మంట వేసేటప్పుడు ఆడవాళ్లు ఉన్నారు. శవం దగ్గర ఏడుపు పాట కట్టేది ఆడవాళ్లే. దరువు నడకకి తగ్గట్టు ఆ ఏడుపు సాగుతుంది, ఏడుపుని బట్టి దరువు తగ్గుతుంది. రాగం వాళ్లది, తాళం మగవాళ్లది. చావు దరువుకి మూలాలు వెతికేటప్పుడు మా మామ్మ ఏడుపు పాటని లెక్కలోకి తీసుకోకపోతే, కలావంతులని మరిచిపోయిన పండితుడికీ నాకూ తేడా ఏముంటుంది?

6. ఇక చెయ్యాల్సింది

ఒక బాణీకి ఒక తండ్రి, ఒక ఊరు, ఒక తేదీ ఉంటాయనుకోవడం అగ్రహారపు ఆలోచన. నలుగురి చెవుల్లో పడి, నాలుగు చేతులు మారి, ఎక్కడో ఒక అడుగుకి కుదిరినప్పుడు నాట్యపు బాణీ అవుతుంది. నొట్టుస్వరాలు చెప్పేదీ అదే, మా తాత తొడ మీది తాళం చెప్పేదీ అదే. కాబట్టి "మూలం ఎవరిది?" అని కాకుండా వేరే ప్రశ్నలు అడుగుదాం. ఎవరి పేరు రాశారు, ఎవరి పేరు కొట్టేశారు? ఎవరికి కూర్చునే చోటిచ్చారు, ఎవరిని గట్టు మీద నిలబెట్టారు? ఎవరికి సన్మానం, ఎవరికి శేరు గింజలు?

ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ పింఛన్ల జాబితాలో డప్పు కళాకారులు అని ఒక వర్గం ఉంది. పింఛను జాబితాకి ఎక్కిన మనిషి సంగీత చరిత్ర పుస్తకానికి ఎక్కలేదు. ఆ పుస్తకం మనం రాయాలి. దానికి పెద్ద గ్రాంటులు అక్కర్లేదు. బంటుమిల్లి, కృత్తివెన్ను, పెడన, గుడ్లవల్లేరు, దివిసీమ పల్లెల్లో చదువుకుంటున్న మన పిల్లలు సెలవుల్లో ఇంటికెళ్లినప్పుడు చెయ్యగల పని ఇది. పెద్దవాళ్ల ఇష్టంతోనే, వాళ్లు ఒప్పుకుంటేనే, ఒక్కో దరువుని రికార్డు చెయ్యండి. కొట్టినవారి పేరు, ఊరు, ఎవరి దగ్గర నేర్చుకున్నారో, దాన్ని మీ పల్లెలో ఏ పేరుతో పిలుస్తారో రాయండి. ఒప్పుకోకపోతే ఎందుకు ఒప్పుకోలేదో అదీ రాయండి. అది కూడా దరువు చరిత్రే. పక్కనే ఏడుపు పాట పాడగలిగే అమ్మమ్మలని మరిచిపోవద్దు. చిన్న మాట మరొకటి. వరిచేలు రొయ్యల చెరువులైపోయాక మావైపు డప్పు కాచుకోడానికి గడ్డి కూడా వెతుక్కోవాల్సి వస్తోంది. సెగ అక్కర్లేని ప్లాస్టిక్ డప్పులొచ్చాయి. తోలు డప్పు పలుకు తెలిసిన చెవులు ఇంకా ఉండగానే ఈ పని జరగాలి.

నాట్యశాఖల్లో, సంగీత కళాశాలల్లో పాఠాలు చెప్పే మిత్రులకి ఒక్కటే విన్నపం. ప్రవేశ దరువు పాఠం చెప్పే రోజున మీ ఊరి పల్లెలోంచి ఒక డప్పు పెద్దని పిలవండి. ముందు వరసలో కుర్చీ వేసి కూర్చోబెట్టండి. ఫిడేలు వాయించే ఆయనకి ఎంత ఇస్తారో ఈయనకీ అంతే ఇవ్వండి. పిల్లలని రెండు దరువులూ వినమనండి. ఏది దేని నుంచి వచ్చిందో అప్పుడు వాళ్లే మాట్లాడుకుంటారు.

మా నాయన ఇప్పటికీ డప్పు దించలేదు. నేను మళ్లీ అడగలేదు. అటక మీద అది అలాగే ఉంది. దాని తోలు మీద సిర్ర పడి పడి అరిగిన చోటు ఒకటుంది. దరువుకి కాగితం ఏదని అడిగేవాళ్లకి నేను చూపించగలిగింది ఆ అరిగిన చోటే.